ఇరవై గడుల పేజీ: జంప్ అల్టిమేట్ స్టార్స్‌లో తొలి డెక్ ఎలా అమర్చుకోవాలి

నింటెండో డీఎస్ అనే రెండు తెరల చేతి పరికరంలో ఆడే జంప్ అల్టిమేట్ స్టార్స్ వీడియో గేమ్ చేతికి వచ్చిన తొలిరోజు చాలామంది ఒకే పని చేస్తారు. తమకు ఇష్టమైన వీరులను దొరికినంత పెద్ద బొమ్మలతో ఒకచోట పేర్చి, నేరుగా పోరుకు దిగి, రెండు నిమిషాలు తిరక్కుండానే ఓడిపోయి, బటన్లు ఇంకా అలవాటు కాలేదని సర్దిచెప్పుకుంటారు. బటన్ల అలవాటు రెండు మూడు రోజుల్లో దానంతట అదే వస్తుంది. ఓటమికి బీజం మాత్రం అంతకుముందే, డెక్‌ను, అంటే పోరుకు తీసుకెళ్లే పాత్రల జట్టును, తయారుచేసే పేజీలో ఇరవై గడులను నింపేటప్పుడే పడి ఉంటుంది. అందువల్ల ఈ వ్యాసంలో దెబ్బల గురించి తక్కువగా, ఆ పేజీని నింపడం గురించి ఎక్కువగా చెబుతాను. ఆట మొత్తం జపనీస్ భాషలోనే ఉంటుంది కనుక, ఆ భాష రాని తెలుగు పాఠకుడు ఎక్కడ తడబడే అవకాశం ఉందో అక్కడ మరికొంత సేపు ఆగుతాను.

ముందుగా ఆట నేపథ్యం క్లుప్తంగా తెలుసుకోవాలి, ఎందుకంటే దాని నిర్మాణమంతా అందులోనే ఉంది. జపాన్‌లో షూయేషా సంస్థ 1968లో ప్రారంభించిన షోనెన్ జంప్ పత్రిక మరుసటి ఏడాది వారపత్రికగా మారింది. 1990ల మధ్యలో ఒక్కో సంచిక ముద్రణ 65 లక్షల ప్రతులను దాటింది. ఆ పత్రికలో వచ్చిన మాంగా అనే జపనీస్ బొమ్మల కథల పాత్రలన్నింటినీ ఒకే గోదాలోకి దించాలన్న ఆలోచనతో ఫుకువోకా నగరానికి చెందిన గాన్‌బారియన్ స్టూడియో నింటెండో డీఎస్ కోసం రెండు ఆటలు తయారుచేసింది. 2005 ఆగస్టు 8న జంప్ సూపర్ స్టార్స్, 2006 నవంబరు 23న జంప్ అల్టిమేట్ స్టార్స్ జపాన్‌లో విడుదలయ్యాయి. మొదటిదానిలో 27 మాంగాలకు చోటు దక్కితే, రెండోదానిలో 41 మాంగాలు, 305 పాత్రలు ఉన్నాయి. ఆ 305లో మనం స్వయంగా నడిపి పోరాడగలిగేవి 56. ఇన్ని కథల హక్కులు జపాన్ వెలుపల వేర్వేరు సంస్థల చేతుల్లో చెదిరి ఉండటం వల్ల ఈ రెండు ఆటలూ జపాన్ దాటి అధికారికంగా బయటకు రాలేదు. మీరు ఇప్పుడే మొదలుపెడుతున్నట్లయితే రెండో ఆటనే తీసుకోండి. పాత్రలు ఎక్కువ, డెక్‌లో ప్రయోగాలకు అవకాశమూ ఎక్కువ.

కార్డు కొనేటప్పుడు

ఆట ఉండే మామూలు డీఎస్ కార్డులకు దేశాల వారీ తాళం లేదు. జపాన్ కార్డును అమెరికాలో కొన్న డీఎస్‌లో పెట్టినా, డీఎస్ తర్వాత వచ్చిన త్రీడీఎస్‌ను ఐరోపాలో కొని అందులో పెట్టినా పనిచేస్తుంది. కాబట్టి విదేశాల్లో ఉన్న బంధువుల ద్వారా పరికరం, జపాన్ నుంచి కార్డు విడివిడిగా తెప్పించుకున్నా ఇబ్బంది లేదు. అయితే కొరియర్‌లో వచ్చే వస్తువుకు దిగుమతి సుంకం పడవచ్చునని లెక్కలో పెట్టుకోండి.

అసలు కార్డు మీది స్టిక్కర్‌ను దగ్గరగా పెట్టుకుని చూడండి. దాని మీద చిన్న అక్షరాల్లో ఒక కోడ్ ముద్రించి ఉంటుంది. అది ఎన్‌టీఆర్ అనే మూడు ఇంగ్లిష్ అక్షరాలతో మొదలై, జపాన్‌ను సూచించే జేపీఎన్‌తో ముగుస్తుంది. డీఎస్ తయారీ దశలో దానికి నైట్రో అనే రహస్యనామం ఉండేది. ఆ మూడక్షరాలు అందులోంచి వచ్చాయి. తెలుగువారికి ఆ మూడక్షరాలను ఎవరూ గుర్తుచేయనక్కర్లేదు కదా, కనుక ఈ పరీక్ష మనకు మరింత సులువు.

కోడ్ సరిగా ఉన్నంత మాత్రాన సరిపోదు. పాత ఆటలు అమ్మే ఒక దుకాణంలో నేను మొదట కొన్న కార్డు చూడటానికి చక్కగానే ఉండేది, ఆట కూడా నడిచేది; కానీ సాయంత్రమంతా కూర్చుని అమర్చుకున్న డెక్‌లు మర్నాడు ఉదయానికి మాయమయ్యాయి. ఆట నడుస్తుంది గానీ సేవ్ నిలవదు, అది నకిలీ కార్డుల్లో తరచుగా కనిపించే లోపం. అందుచేత కొన్న చోటే ఒక్క పని చేయండి. ఆటను కొద్దిసేపు నడిపి, సేవ్ చేసి, పరికరాన్ని ఆపివేసి, కార్డును బయటకు తీసి, మళ్లీ పెట్టి చూడండి. మీరు వదిలిన చోటు నుంచే ఆట కొనసాగితేనే డబ్బు చెల్లించండి. ఆన్‌లైన్‌లో కొంటున్నట్లయితే ఈ పరీక్ష విఫలమైతే కార్డు వాపసు తీసుకుంటారో లేదో ముందుగా అడిగి, ఆ సమాధానాన్ని రాతపూర్వకంగా ఉంచుకోండి.

పరికరం కూడా జపాన్ నుంచే వస్తుంటే చార్జర్ మీద రాసిన ఇన్‌పుట్ వోల్టేజీని తప్పకుండా చదవండి. జపాన్ ఇళ్లలో కరెంటు 100 వోల్టులు, మన దగ్గర 230 వోల్టులు. చార్జర్ మీద 100 అని మాత్రమే ఉంటే దాన్ని నేరుగా మన ప్లగ్గులో పెట్టకూడదు. 240 వరకు అని ఉంటేనే పెట్టవచ్చు. ఆ తర్వాత పరికరం సెట్టింగ్స్‌లో ఉండే టచ్ సవరణను ఒకసారి పూర్తిచేయండి. ఈ ఆటలో కింది తెర మీద ఒక గడి తాకబోయి పక్క గడి తాకితే ఒక పోరు మొత్తం చేజారుతుంది, కనుక దీన్ని వాయిదా వేయవద్దు.

అక్షరాలను చూసి బెదరవద్దు

వాడిన కార్డులో పాత యజమాని సేవ్ ఉండవచ్చు. దాన్ని వెంటనే చెరిపివేయకండి. అతను ఎన్నో నెలలు శ్రమించి సంపాదించిన కోమాలు, అంటే పాత్రల బొమ్మలు, అందులో ఉంటే, అవన్నీ మీకు అభ్యాసానికి పనికివస్తాయి. అనుకోకుండా చెరిపివేసే మెనూలోకి వెళ్లినా బయటపడటానికి ఒక గుర్తు చెబుతాను. జపనీస్ ఆటల్లో ఇలాంటి ప్రశ్నకు సాధారణంగా రెండు సమాధానాలు కనిపిస్తాయి, ‘హై’ అంటే అవును, ‘ఈయె’ అంటే కాదు. ‘కాదు’ అన్న మాటలో మూడక్షరాలు ఉంటాయి, వాటిలో మొదటి రెండూ ఒకేలా, పక్కపక్కన నిలబెట్టిన రెండు చిన్న గీతల్లాగా ఉంటాయి. ‘అవును’లో అక్షరాలు రెండే. అర్థంకాని ప్రశ్న ఎదురైనప్పుడల్లా జంట అక్షరాలతో మొదలయ్యే మాటను ఎంచుకుంటే మీ సేవ్ క్షేమంగా ఉంటుంది.

పాత్రల పేర్లు చాలా కతకనా అనే లిపిలో ఉంటాయి. ఆ లిపి తెలుగువారికి పరాయిగా అనిపించనక్కర్లేదు. మన గుణింతం లాగే అక్కడా ఒక అక్షరం ఒక పూర్తి ధ్వని. క, కి, కు, కె, కొ అన్న అయిదింటికి అయిదు గుర్తులు ఉంటాయి. మూల అక్షరాలు 46. వాటి వరుస కూడా అ, క, స, త, న, హ, మ, య, ర, వ అంటూ సాగుతుంది; బౌద్ధంతో పాటు జపాన్ చేరిన సంస్కృత వర్ణక్రమం ప్రభావమే అది. ప ఉండవలసిన చోట హ కనిపించడానికి కారణం, పూర్వం అక్కడి వారు ఆ వరుసను పకారంతోనే పలకడం.

ఇవన్నీ కంఠస్థం చేయమని చెప్పడం లేదు. ఒక్క అక్షరంతో మొదలుపెట్టండి. ‘రు’ అనే అక్షరంలో రెండు గీతలు ఉంటాయి, ఎడమ గీత కిందికి ఎడమవైపు ఒరుగుతుంది, కుడి గీత నిలువుగా దిగి, అడుగున మలుపు తిరిగి కుడివైపు పైకి లేస్తుంది. నరుటో పేరు మూడక్షరాలు, ‘న, రు, తో’. దాని నడిమి అక్షరం ఇదే. లుఫీ పేరును జపనీయులు ‘రుఫి’ అని రాస్తారు కనుక ఆ పేరులో మొదటి అక్షరమూ ఇదే. చివరి ఇకారం మిగతా వాటికన్నా చిన్నగా ఉంటుంది. ఇలా ఒక్క అక్షరం పట్టుకుంటే రెండు పేర్లు దొరికాయి. గోకు, ఇచిగో వంటి పేర్లు మాత్రం చైనా నుంచి వచ్చిన కాంజీ అక్షరాల్లో ఉంటాయి. వాటిని బొమ్మను చూసే పోల్చుకోవాలి, బొమ్మను చూస్తే పోల్చుకోలేనివారు అరుదు.

మరో మూడు కాంజీలు మాత్రం నేర్చుకోక తప్పదు. పోరాడే ప్రతి కోమాకూ ఒక స్వభావం ఉంటుంది, అది బలమో, జ్ఞానమో, నవ్వో అయి ఉంటుంది. బలాన్ని సూచించే అక్షరంలో రెండే గీతలు. జ్ఞానాన్ని సూచించే అక్షరానికి కుడిపక్కన చిన్న చతురస్రపు పెట్టె కనిపిస్తుంది. నవ్వు అక్షరానికి నెత్తిమీద రెండు చిన్న వెదురాకుల వంటి గుర్తులు ఉంటాయి. రెండు గీతలు, పెట్టె, వెదురాకులు. ఈ మూడూ గుర్తుంటే ముందుకు వెళ్లవచ్చు.

ఇరవై గడులంటే ఏమిటి

జపనీస్ భాషలో కోమా అంటే బొమ్మల కథలోని ఒక చట్రం. ఈ ఆటలో పాత్ర అంటే కోమా, డెక్ అంటే ఆ కోమాలతో నింపిన మాంగా పేజీ. పేజీ అడ్డంగా అయిదు గడులు, నిలువుగా నాలుగు గడులు, మొత్తం ఇరవై. కోమా ఎన్ని గడులు ఆక్రమిస్తుందో దాన్నిబట్టే దాని పని నిర్ణయమవుతుంది. ఒక్క గడిలో ఇమిడేది తోడు కోమా. రెండు లేదా మూడు గడులు తీసుకునేది సహాయ కోమా. నాలుగు నుంచి ఎనిమిది గడుల వరకు ఆక్రమించేది పోరు కోమా. ఒకే పాత్ర ఒక గడిలో తోడుగా, మూడు గడుల్లో సహాయకుడిగా, ఏడు గడుల్లో వీరుడిగా కనిపించవచ్చు.

పోరు కోమాలోని పాత్రను మనమే నడుపుతాం. పోరు మధ్యలో కింది తెర మీద మరో పోరు కోమాను తాకితే అప్పటివరకు ఉన్న పాత్ర తప్పుకుని తాకిన పాత్ర రంగంలోకి వస్తుంది. సహాయ కోమాను తాకితే ఆ పాత్ర వచ్చి, ఒక దెబ్బ వేసో, ఒక మేలు చేసో వెళ్లిపోతుంది. తోడు కోమా విలువ దాని స్థానంలో ఉంది. సరైన పోరు కోమాను ఆనుకుని ఉంటే ఆ వీరుడి ప్రాణశక్తినో, ప్రత్యేక శక్తినో, మరో సామర్థ్యాన్నో పెంచుతుంది. దూరంగా ఉంటే ఆ పెంపు రాదు.

డెక్ పూర్తికావాలంటే నాలుగు షరతులు నెరవేరాలి. కనీసం ఒక పోరు కోమా, ఒక సహాయ కోమా, ఒక తోడు కోమా ఉండాలి, పోరు కోమాల్లో ఒకదాన్ని నాయకుడిగా గుర్తించాలి. నాయకుడే మొదట బరిలోకి దిగుతాడు. డెక్ సిద్ధమైందనుకున్నా ఆట అంగీకరించకపోతే, తొంభై పాళ్లు మీరు నాయకుడిని ఎంచుకోవడం మరిచి ఉంటారు.

గడుల లెక్క

ఇక అసలు విషయానికి వద్దాం. పోరు కోమా పెద్దదైన కొద్దీ పాత్ర బలపడుతుంది, ప్రత్యేక దాడులు మెరుగవుతాయి. అందుకే కొత్తవారికి ఎనిమిది గడుల కోమాల మీద మనసు పోతుంది. రెండు ఎనిమిదులు పెడితే పదహారు గడులు పోయి నాలుగే మిగులుతాయి. అందులో రెండు గడుల సహాయకుడు ఒకడు, తోడు కోమాలు రెండు. షరతుల ప్రకారం డెక్ చెల్లుతుంది. కానీ పోరులో ఆ ఒక్క సహాయకుడు వెళ్లిపోయాక మీకు పిలవడానికి ఎవరూ ఉండరు, రెండు తోడు కోమాలు ఇద్దరు వీరులకు చాలవు.

మూడు స్వభావాల సంబంధం చూస్తే ఇంకో విషయం తేలుతుంది. బలం నవ్వును గెలుస్తుంది, నవ్వు జ్ఞానాన్ని గెలుస్తుంది, జ్ఞానం బలాన్ని గెలుస్తుంది. ఇద్దరు వీరులే ఉన్న డెక్‌లో ఇద్దరిదీ ఒకే స్వభావమైతే, దానికి ఎదురైన స్వభావం గల ప్రత్యర్థి వచ్చినప్పుడు మీకు దారి ఉండదు. అదే ఇద్దరూ వేర్వేరు స్వభావాల వారైతే పరిస్థితి పూర్తిగా మారుతుంది. మీ దగ్గర బలం, జ్ఞానం ఉన్నాయనుకోండి. ఎదుటివాడు బలంతో వస్తే జ్ఞానాన్ని దించండి, గెలుపు మొగ్గు మీది. నవ్వుతో వస్తే బలాన్ని దించండి. జ్ఞానంతో వస్తే మీ జ్ఞానం సరిసమానంగా నిలుస్తుంది. ఏ రెండు స్వభావాలు తీసుకున్నా లెక్క ఇలాగే వస్తుంది, రెండింటి మీద మొగ్గు, మూడోదానితో సమానం. సమయానికి మార్చుకోగలిగితే చాలు. అందువల్ల మూడు స్వభావాలూ ఉండి తీరాలన్న నియమం కొత్తవారికి అవసరం లేదని నా అభిప్రాయం. ఇద్దరిలో ఒకరు పడిపోతే ఈ లెక్క కూడా పడిపోతుందన్నది నిజమే. ఆ ప్రమాదాన్ని కాచుకోవడానికి మూడో వీరుడిని ఎప్పుడు తెచ్చుకోవాలో తర్వాత చెబుతాను.

తొలి డెక్‌కు నేను సూచించే లెక్క ఇది. ఆరు గడుల నాయకుడు, అయిదు గడుల రెండో వీరుడు, ఇద్దరిదీ వేర్వేరు స్వభావం. పదకొండు గడులు అయ్యాయి. మూడు గడుల సహాయకుడు ఒకడు, రెండు గడుల సహాయకుడు ఒకడు, మరో అయిదు. మిగిలిన నాలుగు గడుల్లో నాలుగు తోడు కోమాలు. మొత్తం ఇరవై. సహాయకులిద్దరూ ఒకే రకం కాకుండా చూడండి. ఒకడు దూరం నుంచి దెబ్బవేసేవాడైతే, రెండోవాడు మీ వీరుడిని కాపాడేవాడో, కోలుకోనిచ్చేవాడో అయితే మేలు. వారేం చేస్తారో వివరణ చదవలేకపోయినా ఫరవాలేదు. కంప్యూటర్ నడిపే సులువైన ప్రత్యర్థితో ఒక పోరు పెట్టుకుని, ఒక్కొక్కరిని మూడేసిసార్లు పిలిచి కళ్లతో చూడండి, చూసినదాన్ని కాగితం మీద తెలుగులో రాసుకోండి. ఆ కాగితమే తర్వాత మీ నిఘంటువు అవుతుంది.

గడుల్లో పేర్చే క్రమం

లెక్క కుదిరింది కాబట్టి కోమాలను ఎక్కడపడితే అక్కడ పెట్టవచ్చని అనుకోకండి. ఒక్కో కోమాకు ఒక్కో ఆకారం ఉంటుంది. అందుకే పేర్చే క్రమం ముఖ్యం. ముందు రెండు పోరు కోమాలను పెట్టండి, ఒకదాన్ని ఎడమ పైమూలకు, రెండోదాన్ని ఎడమ కిందికి చేర్చండి. వాటి ఆకారాలు ఒకదానిలో ఒకటి ఒదిగేలా చూసుకోండి. మధ్యలో ఒంటరి గడి చిక్కుకుపోతే కంగారుపడవద్దు. అటూ ఇటూ వీరులున్న ఆ ఒక్క గడి తోడు కోమాకు శ్రేష్ఠమైన చోటు, ఎందుకంటే అక్కడ పెట్టిన కోమా ఇద్దరినీ ఆనుకుని ఉంటుంది.

తర్వాత ఆ తోడు కోమాలనే పెట్టండి, సహాయకులను చివరికి ఉంచండి. చాలామంది దీనికి విరుద్ధంగా చేస్తారు. పెద్ద కోమాల నుంచి చిన్నవాటికి దిగుతూ వచ్చి, ఆఖరున మిగిలిన మూలల్లో తోడు కోమాలను కుక్కుతారు. అప్పుడవి వీరులను తాకవు. నాలుగు గడులు ఉన్నా లేనట్టే. తోడు కోమా సరైన వీరుడి పక్కన చేరినప్పుడు ఆ సంబంధం తెర మీద కనిపిస్తుంది. కనిపించకపోతే ఆ కోమా ఆ వీరుడికి పనికిరాదన్నమాట, లేదా ఆనవలసిన పక్క అది కాదు. అదే కథకు చెందిన పాత్రల నుంచి వెతకడం మొదలుపెడితే త్వరగా దొరుకుతుంది. నరుటో పక్కన ఎవరుంటే బాగుంటుందో ఆ కథ చూసినవారికి ఊహించడం కష్టం కాదు.

సహాయకులకు కుడివైపు ఉన్న నిలువు వరుసలు వదలండి. అలా వదలమనడానికి కారణం వేరే ఉంది. డీఎస్‌లో దాడి బటన్లు కుడిపక్కన ఉంటాయి. పోరు మధ్యలో స్టైలస్ పట్టుకునే తీరిక ఉండదు, కుడి బొటనవేలు బటన్ల మీదినుంచి జారి తెరను తాకి తిరిగి వెళ్లాలి. ఒక్కో గడి సెంటీమీటరుకు కాస్త అటూ ఇటూగా ఉంటుంది. తెర కుడి అంచున ఉన్న గడి బొటనవేలికి అందినంత సులువుగా ఎడమ అంచున ఉన్నది అందదు. అత్యవసరంలో పిలవవలసిన సహాయకుడు కుడి అంచున, మధ్య ఎత్తులో ఉండాలి. పోరు కోమాలు పెద్దవి గనుక ఎడమవైపు ఉన్నా వేలు గురితప్పదు. నేను చాలాకాలం ఈ సంగతి గ్రహించక, కాపాడేవాడిని పిలవబోయి దాడిచేసేవాడిని పిలిచి ఓడిన పోరులకు లెక్కలేదు. సహాయకుడిని కుడి అంచుకు జరిపిన రోజునుంచి ఆ తప్పు దాదాపుగా ఆగింది. ఎడమచేతి వాటం ఉన్నవారు కూడా ఇదే పద్ధతి పాటించాలి, బటన్లు వారికీ కుడివైపే ఉంటాయి కనుక.

పేజీ నిండాక నాయకుడిని గుర్తించి, డెక్‌కు ఒక పేరు పెట్టి సేవ్ చేయండి. పేరు జపనీస్ అక్షరాల్లో పెట్టవలసి వస్తే ఇప్పుడే నేర్చుకున్న ‘రు’ ఒక్కటి పెట్టినా చాలు.

పోరులోకి

తొలి పదిహేను నిమిషాలు గెలవడానికి ఆడకండి. సులువైన ప్రత్యర్థిని ఎంచుకుని, పై తెర మీదినుంచి చూపు తిప్పకుండా కింది తెర మీద రెండో వీరుడిని తాకడం అభ్యాసం చేయండి. పదిసార్లలో ఎనిమిదిసార్లు గురి కుదిరేవరకు కొనసాగించండి. ఆ తర్వాత సహాయకులతో అదే పని. బలహీన దాడి, బలమైన దాడి, ప్రత్యేక దాడి, గెంతు ఏ బటన్ల మీద ఉన్నాయో ఈ సమయంలోనే వేళ్లకు తెలిసిపోతుంది. ప్రత్యేక దాడులకు శక్తి ఖర్చవుతుంది, కనుక పోరు మొదట్లోనే అంతా వెచ్చించి, అవసరమైనప్పుడు ఖాళీ చేతులతో నిలబడే పరిస్థితి తెచ్చుకోకండి.

గోదా కూడా మాంగా పేజీలాగే ఉంటుందని గమనించే ఉంటారు. నేల, గోడలు చట్రాల గీతలే, వాటిలో కొన్ని పగులుతాయి. గోడ పగిలిన చోటినుంచి ప్రత్యర్థిని బయటకు విసిరితే అతని ప్రాణశక్తి ఎంత మిగిలి ఉన్నా ఆ పాత్ర ఓడినట్టే. బలమైన కోమాలతో వచ్చినవారిని చిన్న కోమాల డెక్‌తో ఎదుర్కోవడానికి ఇంతకన్నా మంచి మార్గం నాకు తెలియదు. పోరు మొదలవగానే ఏ గోడ పగులుతుందో కనిపెట్టి, దాన్ని పగలగొట్టి, ఆ తర్వాత మీ వెన్ను ఎప్పుడూ ఆ ఖాళీ వైపు ఉండకుండా చూసుకోండి. అదే ఖాళీ మిమ్మల్నీ మింగుతుంది.

ఎదురుగా ఉన్న పాత్ర మారిన ప్రతిసారీ దాని స్వభావం చూసి, మీ వీరులిద్దరిలో ఎవరు తగునో నిర్ణయించుకోండి. ఇది మొదట్లో నెమ్మదిగా జరుగుతుంది. రెండు గీతలా, పెట్టెనా, వెదురాకులా అని మనసులో అనుకోవలసి వస్తుంది. కొన్ని పోరులు గడిచాక పాత్రను చూడగానే తెలిసిపోతుంది. నలుగురు ఒకేసారి తలపడే పోరులో మాత్రం ఈ లెక్క పూర్తిగా పనిచేయదు, ముగ్గురు ప్రత్యర్థులకు మూడు స్వభావాలు ఉండవచ్చు కనుక. అక్కడ మీకు సమీపంలో ఉన్నవాడిని బట్టి మార్చుకోండి.

డెక్‌ను పెంచుకోవడం

అల్టిమేట్ స్టార్స్‌లో పోరాడి గెలిచిన కొద్దీ రత్నాలు చేరతాయి. కోమాల వంశవృక్షం వంటి పట్టికలో వాటిని వెచ్చిస్తే చిన్న కోమా నుంచి పెద్ద కోమాలకు, ఒక పాత్ర నుంచి మరో పాత్రకు దారులు తెరుచుకుంటాయి. చేతికి వచ్చిన రత్నాలన్నీ నాయకుడిని ఎనిమిది గడుల దాకా పెంచడానికే ఖర్చుపెట్టాలనిపిస్తుంది. పైన చెప్పిన గడుల లెక్క గుర్తుంచుకుని, ముందు నాలుగు, అయిదు గడుల పోరు కోమాలను మూడు స్వభావాల్లోనూ సంపాదించండి. అయిదు, అయిదు, నాలుగు కలిపితే పద్నాలుగు. మిగిలిన ఆరు గడుల్లో రెండేసి గడుల సహాయకులు ఇద్దరు, తోడు కోమాలు రెండు. ఒక వీరుడు పడిపోయినా ఇంకా రెండు స్వభావాలు చేతిలో ఉండే అమరిక ఇది. కాకపోతే తోడు కోమాలు రెండే గనుక, అవి ఎవరి పక్కన ఉండాలన్నది కఠినమైన నిర్ణయం అవుతుంది. ఆ రెండింటినీ ఎక్కువసేపు బరిలో ఉండే వీరుడికే ఇవ్వండి. మార్పిడి చూడకుండా చేయడం వచ్చాకనే ఈ రెండో డెక్‌కు మారండి.

డెక్‌ను సవరించేటప్పుడు ఒకేసారి ఒక్క కోమానే మార్చి, దానితో కనీసం అయిదు పోరులు ఆడండి. రెండు మూడు కలిపి మారిస్తే దేనివల్ల బాగుపడిందో, దేనివల్ల చెడిందో తెలియదు. పాత డెక్‌ను చెరిపివేయకుండా కొత్తదాన్ని వేరే చోట సేవ్ చేసుకోండి.

స్నేహితులతో ఆడాలంటే ఎదురెదురుగా కూర్చోవలసిందే. ఈ ఆటకు ఉండిన ఆన్‌లైన్ సేవను నింటెండో 2014 మే 20న డీఎస్ ఆటలన్నింటితో పాటు నిలిపివేసింది. దగ్గరలో ఉన్న పరికరాల మధ్య వైర్‌లెస్ మాత్రం ఇప్పటికీ పనిచేస్తుంది. అందరి దగ్గరా ఎవరి కార్డు వారికి ఉంటే ఎవరు అమర్చుకున్న డెక్‌తో వారు రావచ్చు. మొదటిసారి కలిసినప్పుడు పోరుకు ముందు డెక్‌లను ఒకరికొకరు చూపించుకుని, తోడు కోమాలను ఎవరు ఎక్కడ పెట్టారో గమనించండి, రెండు మూడు పోరులయ్యాక పరికరాలు మార్చుకుని ఎదుటివారి డెక్‌తో ఆడండి.